వెర్బ్ పక్కన ఏ ప్రిపోజిషన్ రావాలి: మన తెలుగువాళ్ళం తప్పేది ఎక్కడెక్కడ

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: తెలుగు మీడియంలో చదివి ఇప్పుడు ఆఫీసులో రోజూ ఇంగ్లిష్ మెయిల్స్ రాస్తున్నారు. "డిస్కస్ అబౌట్" తప్పని మేనేజర్ అన్నారు, మరి "డిస్కషన్ అబౌట్" ఎలా కరెక్టో ఎవరూ చెప్పలేదు. నెట్‌లో దొరికిన ఐదువందల వెర్బుల లిస్టు బట్టీ పడితే వారం తిరక్కుండానే అంతా కలగాపులగం అయిపోయింది. బ్యాంక్ ఎగ్జామ్ కూడా రాయబోతున్నారు. వెర్బ్ తర్వాత ఏ ప్రిపోజిషన్ పెట్టాలో తేల్చే రూల్ ఏదైనా ఉందా అని అడిగారు.

అన్ని వెర్బులకీ పనికొచ్చే రూల్ లేదు. కానీ ఐదువందలు బట్టీ పట్టాల్సిన అవసరం కూడా లేదు. ఆ లిస్టులో చాలావరకు మీరు ఇప్పటికే సరిగ్గా వాడుతున్నారు. "డిపెండ్ ఆన్" దగ్గర మనవాళ్ళు తప్పడం తక్కువ, ఎందుకంటే తెలుగులోనూ "మీద ఆధారపడటం" అనే అంటాం. తప్పులు ఎక్కువగా వచ్చేది తెలుగు విభక్తికీ ఇంగ్లిష్ ప్రిపోజిషన్‌కీ పొత్తు కుదరని చోట. ఆ చోట్లు లెక్కపెట్టేటన్నే ఉంటాయి, అవి పట్టుకుంటే మిగతాది దానంతటదే సర్దుకుంటుంది. విజయవాడలో బ్యాంక్ కోచింగ్‌లో చాలా ఏళ్ళు ఇంగ్లిష్ చెప్పి, ఇప్పుడు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో క్లయింట్లకి వెళ్ళే డాక్యుమెంట్లు దిద్దుతున్నాను. క్లాసులో పిల్లలు రాసిన తప్పులూ, పదేళ్ళ ఎక్స్‌పీరియన్స్ ఉన్న ఇంజినీర్లు రాసే తప్పులూ అచ్చం ఒకటే.

రూల్ ఎందుకు లేదు అంటారా, మన భాషనే చూడండి. "అతన్ని" అడుగుతాం, "అతనికి" చెప్తాం, "అతనితో" మాట్లాడతాం, కోపం మాత్రం "అతని మీద" వస్తుంది. ఎదురుగా ఉన్నది ఒకే మనిషి. ఎందుకిలా అని తెలుగు నేర్చుకునే పంజాబీ కుర్రాడు అడిగితే మన దగ్గర జవాబుండదు, అలాగే అంటాం అంతే అంటాం. ఇంగ్లిష్‌లోనూ అంతే. ఏ ప్రిపోజిషన్ కావాలో, అసలు కావాలో వద్దో వెర్బే చెప్తుంది. "ఆన్ అంటే మీద, ఇన్ అంటే లో" అని చిన్నప్పుడు నేర్చుకున్న అర్థాలు టేబుల్ మీద పుస్తకానికి పనికొస్తాయి గానీ వెర్బు పక్కకొచ్చేసరికి సగం దారిలోనే వదిలేస్తాయి.

ఇక మనం జారే చోట్లు.

మొదటిది "కి, కు". మన మెయిల్స్‌లో నేను ఎక్కువసార్లు కొట్టేసే మాట "టు". "మేనేజర్‌కి తెలియజేశాను" అని మనసులో అనుకుంటాం, చెయ్యి "ఐ ఇన్ఫార్మ్‌డ్ టు ది మేనేజర్" అని రాస్తుంది. ఆ "టు" అక్కర్లేదు, "ఐ ఇన్ఫార్మ్‌డ్ ది మేనేజర్" చాలు. "అతనికి చెప్పాను" కాస్తా "టోల్డ్ టు హిమ్" అవుతుంది, "టోల్డ్ హిమ్" అనాలి. "ఆఫీసుకి చేరాను" అంటే "రీచ్‌డ్ ది ఆఫీస్". "నాకు కాల్ చెయ్యి" అంటే "కాల్ మీ". "ప్రశ్నకి జవాబు చెప్పు" అంటే "ఆన్సర్ ది క్వశ్చన్". "మీటింగ్‌కి హాజరయ్యాను" అంటే "అటెండెడ్ ది మీటింగ్". ఈ చివరిదాంట్లో ఇంకో చిక్కుంది. "అటెండ్ టు" అనేది కూడా ఇంగ్లిష్‌లో ఉంది, దాని అర్థం వేరు: కస్టమర్‌ని చూసుకోవడం, ఒక పని సంగతి చూడటం. అంచేత "ఐ అటెండెడ్ టు ది మీటింగ్" అంటే ఆ మీటింగ్ ఏర్పాట్లు మీరు చూశారేమో అనుకునే వీలుంది.

మరి "రిప్లై" మాత్రం "రిప్లై టు ది మెయిల్" అనే అనాలి. ఆన్సర్‌కి వద్దు, రిప్లైకి కావాలి. రెండింటి అర్థమూ దాదాపు ఒకటే అయినా సరే. వెర్బే నిర్ణయిస్తుంది అని అందుకే అన్నాను.

దీనికి పూర్తిగా ఎదురు తప్పు ఒకటుంది, అది తెలుగు వల్ల వచ్చింది కాదు. "సజెస్ట్ మీ ఎ గుడ్ ఫోన్", "ఎక్స్‌ప్లెయిన్ మీ దిస్". తెలుగులో "నాకు వివరించండి" అని "కు" ఉంది కాబట్టి మనం "టు మీ" అనాలి నిజానికి, అదే కరెక్టు కూడా. కానీ "టెల్ మీ", "గివ్ మీ", "షో మీ" అలవాటైపోయి వాటి వరసలోనే దీన్నీ కలిపేస్తాం. "ఎక్స్‌ప్లెయిన్ దిస్ టు మీ" అనండి. సజెస్ట్ దగ్గరైతే "మీ" ఎత్తేసి "కెన్ యు సజెస్ట్ ఎ గుడ్ ఫోన్" అంటే సరిపోతుంది, అడుగుతున్నది మీరే కదా, ఎవరికో అని సందేహం ఎవరికీ రాదు.

రెండోది, తెలుగులో విడిగా ఏ మాటా అక్కర్లేక ఇంగ్లిష్‌లో కావాల్సినవి. "పాటలు వింటాను", "తలుపు తట్టాను", "బస్సు ఎక్కాను". మనకి ఇక్కడ విభక్తి గుర్తే కనపడదు, కాబట్టి "లిజన్ సాంగ్స్", "నాక్ ది డోర్" అని వచ్చేస్తాయి. "లిజన్ టు సాంగ్స్", "నాక్ ఆన్ ది డోర్", "గెట్ ఆన్ ది బస్". "నన్ను చూడు" అంటే "లుక్ ఎట్ మీ". ఇలాంటివి మరీ ఎక్కువ లేవు గానీ రోజూ నోట్లో నానేవే.

మూడోది "గురించి", మీ మేనేజర్ పట్టుకున్నది ఇదే. దీని దగ్గర కాస్త ఆగుతాను. "ని, ను, ల, కూర్చి, గురించి" అని స్కూల్లో ద్వితీయా విభక్తి వల్లించిన గుర్తుందా? "ని"నీ "గురించి"నీ మన వ్యాకరణం ఒకే గాటన కట్టింది. అందుకే "సమస్యను చర్చించాం" అన్నా, "సమస్య గురించి చర్చించాం" అన్నా మనకి రెండూ బావుంటాయి. ఇంగ్లిష్‌లో "డిస్కస్" ఆ మొదటి రకంలోనే ఉంటుంది, రెండోదానికి ఒప్పుకోదు.

దీంట్లోంచి క్లాసులో ఒక చిట్కా చెప్పేవాణ్ణి. "గురించి" తీసేసి అక్కడ "ని, ను" పెట్టి చూడండి. తెలుగు వాక్యం నిలబడితే ఇంగ్లిష్‌లో "అబౌట్" అక్కర్లేకపోవచ్చు. "పేరును ప్రస్తావించాడు" నిలబడింది, కాబట్టి "మెన్షన్‌డ్ ది నేమ్", "మెన్షన్‌డ్ అబౌట్" కాదు. "సంఘటనను వర్ణించాడు" నిలబడింది, "డిస్క్రైబ్‌డ్ ది ఇన్సిడెంట్". "సమస్యను మాట్లాడుకున్నాం"? నిలబడదు, కాబట్టి "టాక్‌డ్ అబౌట్ ది ప్రాబ్లమ్". "నాన్నను ఆలోచించాను"? ఎవరూ అలా అనరు, "థాట్ అబౌట్". ఇది శాస్త్రమేమీ కాదు, చేతికర్ర లాంటిది, "అబౌట్" వరకే నమ్మండి. లిజన్, లుక్ లాంటివాటి దగ్గర వాడారంటే బోర్లా పడతారు, "పాటను విన్నాను" అని హాయిగా అంటాం కాబట్టి.

"డిస్కస్ అబౌట్" అనేది తెలుగువాళ్ళ తప్పు మాత్రమే అనుకోకండి. నైజీరియాలోనూ సింగపూర్‌లోనూ కూడా వింటారు. కారణం ఆ వెర్బు చుట్టం, "డిస్కషన్". నౌన్‌కి ప్రిపోజిషన్ కావాలి, అదే కుటుంబంలోని వెర్బ్‌కి వద్దు. ఎ డిస్కషన్ అబౌట్ లీవ్, కానీ డిస్కస్ లీవ్. ఎ రిక్వెస్ట్ ఫర్ లీవ్, కానీ రిక్వెస్ట్ లీవ్. డిమాండ్, ఆర్డర్ కూడా "ఫర్" దగ్గర ఇదే దారి. ఎంఫసిస్ ఆన్ క్వాలిటీ, కానీ ఎంఫసైజ్ క్వాలిటీ. ఎంట్రీ ఇంటు ది రూమ్, కానీ ఎంటర్ ది రూమ్. ల్యాక్ ఆఫ్ టైమ్, కానీ వి ల్యాక్ టైమ్. విజిట్ టు తిరుపతి, కానీ విజిట్ తిరుపతి. మనం నౌన్‌ని ముందు విని, దాని ప్రిపోజిషన్‌ని వెర్బ్‌కి తగిలిస్తున్నాం. మీరు అడిగిన "ఒకటి తప్పు, ఇంకోటి కరెక్టు ఎలా" అన్నదానికి జవాబు ఇదే. ఎగ్జామ్‌లో ఎర్రర్ స్పాటింగ్ బిట్లు తయారుచేసేవాళ్ళకి ఈ జంటలంటే మహా ఇష్టం, ఒక పేజీలో రాసుకుని గోడకి అంటించుకోండి. "ఎంటర్ ఇంటు" ఒక్కదానికి మినహాయింపు: గదిలోకి కాదు గానీ ఒప్పందంలోకి అయితే "ఎంటర్ ఇంటు ఏన్ అగ్రిమెంట్" అనే అంటారు.

తర్వాత మీద, తో, కంటే. వీటిని గబగబా చెప్పేస్తాను. "నా మీద కోపం" అని "యాంగ్రీ ఆన్ మీ" అంటాం, "యాంగ్రీ విత్ మీ" అనాలి, "ఎట్ మీ" కూడా నడుస్తుంది. ఇది వెర్బు కాదు గానీ ఇంత మామూలుగా వినిపించే తప్పుని వదిలెయ్యబుద్ధి కాలేదు. "అతని మీద కంప్లెయింట్ చేశాను" అంటే "కంప్లెయిన్‌డ్ అబౌట్ హిమ్". "ఆమెతో పెళ్ళయింది" అని "మ్యారీడ్ విత్ హర్" అంటాం, "మ్యారీడ్ హర్" లేదా "గాట్ మ్యారీడ్ టు హర్" అనాలి. "మ్యారీడ్ విత్ టూ చిల్డ్రన్" అని ఎక్కడైనా చదివి కంగారుపడకండి, అది పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నారని, పిల్లల్ని పెళ్ళాడారని కాదు. "జ్వరంతో బాధపడుతున్నాడు" అంటే "సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్". "క్యాన్సర్‌తో పోయారు" అంటే "డైడ్ ఆఫ్ క్యాన్సర్". "డైడ్ విత్" అంటే అర్థమే మారుతుంది, ఆ జబ్బు ఒంట్లో ఉండగా పోయారని, జబ్బు వల్లే అని కాదు. కోవిడ్ రోజుల్లో మరణాల లెక్కల మీద జరిగిన వాదనల్లో ఒకటి ఈ "ఆఫ్"కీ "విత్"కీ మధ్యే నడిచింది. "కాఫీ కంటే టీ ఇష్టం" అంటే "ప్రిఫర్ టీ టు కాఫీ", "దేన్" కాదు. సీనియర్, జూనియర్, సుపీరియర్ అన్నీ ఇలాగే "టు" తీసుకుంటాయి.

ఎవరూ చెప్పని చోటు ఒకటుంది. "నేను మాట్లాడిన మనిషి", "నేను ఉంటున్న ఇల్లు", "మేము ఎదురుచూస్తున్న బస్సు". గమనించారా, ఇక్కడ "తో", "లో", "కోసం" అన్నీ మాయమైపోయాయి. తెలుగులో వాక్యాన్ని ఇలా తిప్పగానే విభక్తి రాలిపోతుంది, ఎవరికీ లోటుగా అనిపించదు. ఇంగ్లిష్‌లో అది రాలదు, చివర్న నిలబడాలి. "ది పర్సన్ ఐ స్పోక్ టు", "ది హౌస్ ఐ లివ్ ఇన్", "ది బస్ వి ఆర్ వెయిటింగ్ ఫర్". మామూలు వాక్యంలో "వెయిటింగ్ ఫర్ ది బస్" అని చక్కగా రాసేవాళ్ళు కూడా దీని దగ్గర "ఫర్" మింగేస్తారు. మంచి ఇంగ్లిష్ రాసే సీనియర్ల డ్రాఫ్టుల్లో నేను ఎక్కువగా దిద్దేది ఇదే. వాక్యం చివర ప్రిపోజిషన్ ఉండకూడదని మీ స్కూల్లో చెప్పి ఉంటే దాన్ని పట్టించుకోకండి. 1672లో జాన్ డ్రైడెన్ అనే కవి బెన్ జాన్సన్ అనే నాటకకర్త రాతల్లో అలా చివర్న ప్రిపోజిషన్ రావడాన్ని తప్పుగా ఎంచాడు, తర్వాత వ్యాకరణం పుస్తకాలవాళ్ళు పట్టుకుని వేలాడారు. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళు అప్పుడూ అలాగే మాట్లాడారు, ఇప్పుడూ అలాగే మాట్లాడుతున్నారు.

మెయిల్స్ రాస్తారు కాబట్టి ఇది కూడా. "లుక్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యు" అని మన మెయిల్స్ చివర్న తరచూ ఉంటుంది. "టు హియరింగ్" అనాలి. ఇక్కడి "టు" ప్రిపోజిషన్, "వాంట్ టు"లో ఉన్న "టు" కాదు. తేడా పట్టుకోవడం తేలిక: "టు" తర్వాత "ఇట్" పెట్టి చూడండి. "లుక్ ఫార్వర్డ్ టు ఇట్" కుదిరింది, అంటే ప్రిపోజిషనే, వెర్బ్‌కి "ఇంగ్" తగిలించండి. "వాంట్ టు ఇట్" కుదరలేదు, అక్కడ "ఇంగ్" వద్దు. "ఆబ్జెక్ట్ టు", "విత్ ఎ వ్యూ టు" కూడా ఇదే పరీక్షలో దొరికిపోతాయి.

ఇంతవరకు చెప్పినవి తప్పొప్పుల సంగతి. ఇంకో రకం ఉంది, అక్కడ రెండూ కరెక్టే, అర్థం మారిపోతుంది. ఇవే అసలు ప్రమాదం. మా దగ్గర ఒక సపోర్ట్ ఇంజినీర్ క్లయింట్‌కి "వి ఆర్ లుకింగ్ ఫర్ ది ఇష్యూ" అని పంపాడు. "ఇష్యూ సంగతి చూస్తున్నాం" అని అతని ఉద్దేశం. అవతలివాళ్ళకి అర్థమైంది మాత్రం, ఇష్యూ ఎక్కడుందో వీళ్ళకింకా దొరకలేదు, వెతుక్కుంటున్నారు అని. వెంటనే కాల్ పెట్టారు, అటు టెన్షన్, ఇటు టెన్షన్. "లుకింగ్ ఇంటు" అని ఉంటే ఏ గొడవా లేదు. "అప్రూవ్ ది లీవ్" అంటే సెలవు మంజూరు చేయడం, "అప్రూవ్ ఆఫ్" అంటే అది మంచిదే అనుకోవడం. బంతిని "త్రో టు హిమ్" అంటే అతను పట్టుకోవాలని, "త్రో ఎట్ హిమ్" అంటే తగలాలని. మనం "అతనికి విసిరాడు", "అతని మీదకి విసిరాడు" అంటాం చూడండి, అదే తేడా. స్పెల్లింగూ గ్రామరూ చూసే సాఫ్ట్‌వేర్ "డిస్కస్ అబౌట్" కింద గీత గీస్తుంది గానీ వీటిని చాలాసార్లు వదిలేస్తుంది, ఎందుకంటే గ్రామర్ ప్రకారం ఇందులో పట్టుకోవడానికేమీ లేదు. మీ మనసులో ఏముందో దానికి తెలియదు.

"ఎట్" గురించి ఎత్తాను కాబట్టి ఒక మాట. రూల్ లేదన్నాను గానీ కొన్ని గుంపులు ఉన్నాయి, అర్థంలో దగ్గరగా ఉండే వెర్బులు ఒకే ప్రిపోజిషన్ దగ్గర చేరతాయి. గురిపెట్టడం "ఎట్" దగ్గర: లాఫ్ ఎట్, షౌట్ ఎట్, స్టేర్ ఎట్, ఎయిమ్ ఎట్. ఆపడం, కాపాడటం "ఫ్రమ్" దగ్గర: ప్రివెంట్, స్టాప్, ప్రొటెక్ట్. ఉన్నది ఊడ్చెయ్యడం "ఆఫ్" దగ్గర: రాబ్, డిప్రైవ్, క్యూర్. మెచ్చుకోవడానికీ తిట్టడానికీ కారణం చాలావరకు "ఫర్" దగ్గర: థాంక్, బ్లేమ్, పనిష్, అపాలజైజ్. ఎందుకు చాలావరకు అన్నానంటే, "కంగ్రాచులేట్"కి "ఆన్", "అక్యూజ్"కి "ఆఫ్". కొత్త వెర్బు తగిలినప్పుడు ఊహించడానికి గుంపు సాయపడుతుంది, తేల్చుకోవడానికి డిక్షనరీ చూడాల్సిందే.

డిక్షనరీ అంటే ఇంగ్లిష్ నుంచి తెలుగుకి అర్థం ఇచ్చేది ఈ పనికి చాలదు, లెర్నర్స్ డిక్షనరీ కావాలి. ఏ.ఎస్. హార్న్‌బీ జపాన్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెబుతూ, అర్థం తెలిసినా వాక్యం కట్టలేని విద్యార్థుల కోసం, ఒక్కో వెర్బు తర్వాత ఏమేం రావచ్చో చూపిస్తూ ఒక డిక్షనరీ తయారుచేశాడు. 1942లో టోక్యోలో అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ వేసింది. ఇప్పుడు మనం ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ అంటున్నది దాని వారసురాలే, ఆన్‌లైన్లో ఫ్రీగా ఉంది. అందులో అర్థం వదిలేసి ఉదాహరణ వాక్యాలు చదవండి. "డిస్కస్" దగ్గర "అబౌట్" వాడకూడదని విడిగా నోట్ కూడా పెట్టారు.

ఇక ప్రాక్టీస్. లిస్టు చింపెయ్యండి. మీ సెంట్ ఫోల్డర్ తెరిచి సెర్చ్‌లో "డిస్కస్ అబౌట్", "ఇన్ఫార్మ్‌డ్ టు", "మెన్షన్‌డ్ అబౌట్", "రీచ్‌డ్ టు", "టు హియర్ ఫ్రమ్", "కోప్ అప్" అని ఒక్కోటీ కొట్టి చూడండి. ఎన్ని దొరికితే అవే మీ సిలబస్. దొరకనివి మీకు అవసరం లేదు, కనీసం ఇప్పటికి. "కోప్ అప్ విత్" ఎందుకన్నానంటే అందులో "అప్" అనవసరం, "కోప్ విత్" చాలు, అయినా మన ఆఫీసుల్లో "అప్" లేకుండా ఎవరూ అనరు. దొరికిన ప్రతిదానికీ వెర్బు, ప్రిపోజిషన్, దాని తర్వాత వచ్చే మాట మూడూ కలిపి మీ పనిలోంచే ఒక చిన్న వాక్యం రాసి బయటికి చదవండి. "ఇన్ఫార్మ్ ప్లస్ నథింగ్" అని రాసుకుంటే గుర్తుండదు, "ఐ ఇన్ఫార్మ్‌డ్ ది క్లయింట్ యెస్టర్‌డే" గుర్తుంటుంది, చెవికి అలవాటైపోతుంది కాబట్టి.

ఎగ్జామ్‌కీ ఆఫీసుకీ ఒక తేడా ఉంది. అమెరికా క్లయింట్లు "డిఫరెంట్ దేన్" అంటారు, "రైట్ మీ" అంటారు, "ప్రొటెస్ట్ ది డెసిషన్" అని "అగైనెస్ట్" లేకుండా రాస్తారు. అవి అక్కడ తప్పులు కావు, వాళ్ళతో మాట్లాడేటప్పుడు మీరూ అనొచ్చు, వాళ్ళని దిద్దబోకండి. బ్యాంక్ ఎగ్జామ్‌లో మాత్రం పాత బ్రిటిష్ పద్ధతికే మార్కులు: "డిఫరెంట్ ఫ్రమ్", "రైట్ టు మీ", "ప్రొటెస్ట్ అగైనెస్ట్". "కంప్రైజ్‌డ్ ఆఫ్" ఈ మధ్య న్యూస్‌పేపర్లలోనూ కనిపిస్తోంది, అయినా ఆప్షన్లలో కనపడితే తప్పుగానే లెక్కెయ్యండి, "కంప్రైజెస్" లేదా "కన్సిస్ట్స్ ఆఫ్" ఉంటే దానికి టిక్ పెట్టండి.